తనిఖీ నీళ్లు

ఒక పెద్ద అడవిలో, పొద్దున్న ఏడు గంటలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆకు కదలడం లేదు. మృగశిర కార్తె వచ్చి పది రోజులైనా మబ్బు జాడ లేదు.

చెరువు గట్టున ముళ్లపంది వరహాలమ్మ తన తాబేలును కడుగుతోంది.

ఆ అడవిలో కాస్త పేరున్న ప్రతి ఇంటికీ ఒక తాబేలు ఉండేది. ఎక్కడికి వెళ్లినా దాని మీదే వెళ్లేవారు. నడిస్తే పది నిమిషాలు పట్టే దూరానికి తాబేలు మీద గంట పట్టేది. అయినా తాబేలు ఉన్నవాళ్లు నడిచేవారు కాదు. నడిస్తే తాబేలు లేదనుకుంటారు.

వరహాలమ్మ తాబేలు పేరు కూర్మయ్య. వయసు మళ్లినవాడు. నడక తక్కువ, మాట ఎక్కువ.

"మెడ కింద అమ్మగారూ. మెడ కింద మట్టి అలాగే ఉంది."

"ఊఁ."

"నిన్న కూడా ఊఁ అన్నారు."

వరహాలమ్మకు మాటలు ఖర్చుపెట్టే అలవాటు లేదు. నీళ్లు మాత్రం ధారాళంగా పోసేది. ఆమె నలుగురు పిల్లలూ ఎండిన ఆనపకాయ బుర్రలతో చెరువు నీళ్లు మోసుకెళ్లి ఇంటి దగ్గర చిలగడదుంపల తోటకు పోస్తున్నారు. మొగుడు కొండ అవతలకు మేతకు పోయాడు. వానాకాలం దాటితే గాని రాడు. ఇల్లూ, పిల్లలూ, తోటా, తాబేలూ అన్నీ ఆవిడ మీదే.

గట్టు పొడవునా పదిహేను తాబేళ్లు స్నానం చేస్తున్నాయి. నీళ్లు అడుగుకు పోయాయి. జింకలు మోకాలి లోతు బురదలో దిగి తాగడానికి చోటు వెతుక్కుంటున్నాయి.

"కాస్త జరుగుతారా అమ్మా? పిల్లకి దాహం" అంది ఒక జింక.

"అయిపోవచ్చింది. వీపు ఒక్కటే మిగిలింది" అంది వరహాలమ్మ.

తర్వాత చాలా రోజుల పాటు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ముళ్లన్నీ లేచి నిలబడేవి. అప్పుడు మాత్రం ఒక్కటీ కదల్లేదు.

ఆ వారంలోనే మండలి సమావేశం పెట్టారు. అధ్యక్షుడు నెమలి బండ ఎక్కి, తోక సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చెరువు మనందరిదీ. అందుకే ఎవరికీ పట్టలేదు. ఇవాళ్టి నుంచి తాబేళ్లు కడగడానికి, తోటలు తడపడానికి చెరువు నీళ్లు ముట్టకూడదు. ఎవరింటి మీద పడ్డ వాన వాళ్లే పట్టుకోవాలి. దానితోనే తాబేళ్లు కడుక్కోవాలి, దానితోనే మొక్కలు పెంచుకోవాలి."

మాట మంచిదే. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఇళ్లకు వెళ్లిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"దీనికొక సంఘం కావాలి. సంఘానికి కన్వీనరు కావాలి. ఎవరు ముందుకొస్తారు?"

ఎలుగుబంటి ఆకాశం వంక చూశాడు. కుందేళ్లు ఒకరి చెవుల వెనక ఒకరు దాక్కున్నారు.

సరిగ్గా అప్పుడే వరహాలమ్మకు కాలు తిమ్మిరెక్కింది. లేచి నిలబడింది.

"శభాష్ వరహాలమ్మ గారూ!" అన్నాడు నెమలి. "ఒక తల్లి లేచింది చూడండి!"

తిమ్మిరి అని చెప్పబోయింది. చప్పట్లు మోగుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లు వినడానికి బాగున్నాయి కూడా.

"సరే" అంది.

పక్కింటి ముంగిస అచ్చియమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది. ముల్లు గుచ్చుకుంది. మోచెయ్యి చప్పరిస్తూ అడిగింది: "నీకెందుకు వదినా ఈ తద్దినం?"

"లేచాను కదా."

నిబంధన ప్రకారం ప్రతి ఇంటికీ నాలుగు మూరల లోతు తొట్టి ఉండాలి. కన్వీనరు ఇంట్లో ముందు ఉండాలి. వరహాలమ్మ వాకిట్లో నాలుగు మూరల గొయ్యి తవ్వాలంటే సగం దుంపల తోట పోతుంది. ఇల్లంతా కలియదిరిగింది. చివరికి ఇంటి వెనక, బండరాయి పక్కన ఆగింది.

ముళ్లపంది బొరియకు రెండు దోవలు ఉంటాయి. ముందు ఒకటి, వెనక ఒకటి. ముందు నుంచి ఆపద వస్తే వెనక నుంచి పోవడానికి. ఆ వెనక దోవను ఆమె అత్తగారు తన పళ్లతో, గోళ్లతో తవ్వింది. నిలువుగా, లోతుగా, సరిగ్గా నాలుగు మూరలు ఉంది.

"తవ్విన గొయ్యి ఉండగా కొత్తది దేనికి?" అనుకుంది వరహాలమ్మ. తన తెలివికి తనే ముచ్చటపడింది. దోవ అడుగున, పిల్లలు పడుకునే గది వైపు, జానెడు మందాన జిగురుమట్టి పూసి మూసేసింది. పైన చుట్టూ మట్టిగట్టు పోసింది. తొట్టి తయారు.

కూర్మయ్య గట్టు మీద నుంచి తల చాచి లోపలికి చూశాడు.

"అమ్మగారూ, ఇది దోవ కదా?"

"ఎప్పుడైనా వాడామా?"

"ఆపద రాలేదు కాబట్టి వాడలేదు."

"రాదులే."

బండరాయి మీద పడే వాన నేరుగా తొట్టిలోకి దిగేలా వెదుర్లు నిలువునా చీల్చి దోనెలు కట్టింది. ఊరంతా వచ్చి చూసి, అలాగే కట్టుకున్నారు. చెట్టుతొర్రల ముందు, పుట్టల పక్కన, బొరియల పైన ఎక్కడ చూసినా దోనెలే. అడవిలో ప్రతి దోనె మూతీ ఇంటి వైపే తిరిగి ఉంది.

నాలుగో రోజు వాన పడింది. సాయంత్రానికి తొట్టి నిండింది. పిల్లలు గట్టు చుట్టూ గంతులేశారు.

మర్నాడు వరహాలమ్మ ఆ నీళ్లతో కూర్మయ్యను కడిగింది. చెరువు దగ్గర ఇరవై బుర్రలు పోసేది, ఇక్కడ రెండు బుర్రలతో సరిపెట్టింది. టేకాకుతో తోమితే పెంకు తళతళలాడింది. మురికి నీళ్లు దుంపల పాదుల్లోకి పారించింది.

"మెడ కింద కూడా తోమారు" అన్నాడు కూర్మయ్య. కళ్లు మూసుకుని మెడ ఇంకాస్త చాచాడు.

పథకం అంటే అదే. అంతకంటే ఏమీ లేదు. అడవిలో ఆ పథకం సరిగ్గా పనిచేసింది ఆ ఒక్క పూటే.

మధ్యాహ్నం గురువులు అనే ఉడుము వచ్చాడు. తనిఖీ అధికారి. ఏదైనా పట్టుకున్నాడంటే వదలడు. తొట్టిలో కొలకర్ర దించాడు, తీశాడు, తడి ఎంతవరకూ ఉందో చూశాడు.

"జానెడు తక్కువ."

"వాడుకున్నాం సార్."

"వాడుకున్నారా?" ఉడుము నాలుక రెండుసార్లు బయటికి వచ్చి లోపలికి పోయింది. "ఎందుకూ?"

"తాబేలుకి. తోటకి. దానికోసమే కదా సార్ పట్టింది?"

ఉడుము తన ప్రొఫార్మా తిప్పి తిప్పి చూశాడు. "తొట్టి లోతు ఉంది. నీటి లోతు ఉంది. లోటు ఉంది. వాడకం అనే గడి లేదమ్మా. లోటు కిందే రాసుకోవాలి."

రాసుకున్నాడు.

సాయంత్రం మండలి బండ మీద జాబితా అంటించారు. ముంగిస అచ్చియమ్మ, నూటికి నూరు. కుందేళ్లు, నూటికి నూరు. కన్వీనరు వరహాలమ్మ, నూటికి ఎనభై ఏడు. కింద ఎర్రగీత.

"ఎలా సాధించావు?" అని వరహాలమ్మ అచ్చియమ్మను అడిగింది.

"ఏం చెయ్యలేదు వదినా. అందుకే."

వరహాలమ్మ ఇంటికి వచ్చి తొట్టి మీద తామరాకులు కప్పింది. ఆకుల మీద రాళ్లు పెట్టింది.

ఆ రోజు నుంచి ఎవరూ తొట్టి ముట్టకూడదు. సంఘం వల్ల చెరువు ముట్టకూడదు, తనిఖీ వల్ల తొట్టి ముట్టకూడదు. కూర్మయ్య వీపున బురద ఎండి, పెచ్చులు కట్టి, దానిలో ఒక గడ్డిమొక్క కూడా మొలిచింది. దుంపతీగలు వాడి నేలకు అంటుకున్నాయి.

ఆఖరి పిల్ల బుల్లి గట్టు దగ్గరికి వచ్చి అడిగింది: "అమ్మా, తీగకి దాహం వేస్తోంది. ఒక్క బుర్రెడు పోద్దామా? తొట్టి నిండా ఉన్నాయి కదా."

"అవి నీళ్లు కావు. తనిఖీ నీళ్లు."

బుల్లికి అర్థం కాలేదు. ఆ మాట అన్నావిడకూ అర్థమై ఉంటుందని చెప్పలేం.

ఎండకు తొట్టిలో నీళ్లు వేలెడు ఇంకిపోయినా ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఒక తెల్లవారుజామున ఎవరూ చూడరని బుర్ర పట్టుకుని చెరువుకు వెళ్లింది. తొట్టిలో ఆ వేలెడూ కలిపేద్దామని. గట్టు మీద అచ్చియమ్మ ఎదురైంది. చేతిలో బుర్ర. వెనక కుందేళ్లు, వాళ్ల వెనక ఎలుగుబంటి. అందరి చేతుల్లోనూ బుర్రలే.

"నడకకి వచ్చాను" అంది వరహాలమ్మ.

"నేనూ అంతే వదినా" అంది అచ్చియమ్మ.

"గాలి బాగుంది" అన్నాడు ఎలుగుబంటి, బుర్ర ముంచుతూ.

చెరువును కాపాడడానికి తొట్లు పెట్టారు. తొట్లను కాపాడడానికి చెరువు తోడారు. కన్వీనరు అందరికంటే పెద్ద బుర్ర తెచ్చుకుంది.

నెల తిరిగేసరికి అడవి అడవంతా నూటికి నూరు. మండలి సన్మానం ప్రకటించింది. శనివారం మూడు గంటలకు, బండ దగ్గర. ఆ వెంటనే ఆఖరి తనిఖీ.

శనివారం మధ్యాహ్నం పడమర మబ్బు కమ్మింది. గాలి స్తంభించింది. వరహాలమ్మ ముళ్లు దువ్వుకుని కూర్మయ్య దగ్గరికి వచ్చి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది. బురద. గడ్డి. గడ్డికి ఒక పువ్వు కూడా.

"దీని మీద కన్వీనరు ఎలా వెళ్తుంది?"

"నా మీదకి తోస్తారేంటి అమ్మగారూ? నెల రోజులుగా నేను అడుగుతూనే ఉన్నా."

"ఇంటి దగ్గరే ఉండు. పిల్లలు బొరియలో ఉన్నారు. బయటికి రానివ్వకు. తొట్టి ముట్టనివ్వకు."

"మబ్బు బాగా పట్టింది. తొట్టి అంచు వరకూ ఉంది. సగం తోడేస్తే కొత్త నీళ్లకి చోటుంటుంది కదా?"

"సాయంత్రం తనిఖీ."

"అదే నేను అనేదీ. సాయంత్రానికి మళ్లీ నిండుతుంది."

"నిండకపోతే?"

కూర్మయ్య తల లోపలికి లాక్కున్నాడు. కోపం వచ్చినప్పుడు అతను చేయగలిగింది అదొక్కటే.

వరహాలమ్మ నడిచే వెళ్లింది. దారిలో ఎవరైనా అడిగితే ఆరోగ్యం కోసం అని చెప్పింది.

బండ మీద ఆమె మెడలో అడవిమల్లెల దండ వేశారు. టేకాకులు కుట్టిన శాలువా కప్పారు. ముళ్ల మీద శాలువా నిలవలేదు, గుడారంలా లేచింది. నెమలి మొదలుపెట్టాడు.

"ఒక్క చుక్క! ఒక్క చుక్క కూడా వృథా కానివ్వకుండా కాపాడిన ఈ తల్లి..."

మొదటి చుక్క ఆయన ముక్కు మీదే పడింది. మబ్బు ఉరిమింది. నెమలి ఉపన్యాసం మరిచిపోయి, తోక విప్పి, ఆడడం మొదలుపెట్టాడు. అందరూ లేచి చప్పట్లు. వాన కుండపోతగా దిగింది.

చప్పట్ల మధ్య అచ్చియమ్మ ఆమె చెవి దగ్గరికి వచ్చింది.

"వదినా, ఒక సందేహం. నా తొట్టి నిండా ఉంది."

"మంచిదే."

"అందరివీ నిండా ఉన్నాయి."

"ఊఁ."

"మరి ఈ వాన ఎటు పోతుంది?"

వరహాలమ్మ నోరు తెరిచింది. కన్వీనరు కాబట్టి జవాబు ఉండాలి. ప్రొఫార్మా మొత్తం కళ్ల ముందు తిరిగింది. తొట్టి లోతు, నీటి లోతు, లోటు. పొంగితే ఎటు అనే గడి లేదు. దోనెలన్నీ ఇంటి వైపే. తొట్టి పొంగితే నీళ్లు బొరియ నెత్తి మీదుగా జారి ముందు దోవలోకి దిగుతాయి. ముందు దోవ మునిగితే వెనక దోవలోంచి...

వెనక దోవలో తొట్టి ఉంది.

ముళ్లన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. శాలువాతోనే పరుగెత్తింది.

నడిస్తే పది నిమిషాలు. పరుగెత్తితే ఎంతో ఆమెకు తెలియదు. ఎప్పుడూ పరుగెత్తలేదు. తాబేలు మీద వచ్చి ఉంటే గంట పట్టేదని దారిలో ఎక్కడో తట్టింది. బురద పట్టిందని తాబేలును ఇంట్లో వదిలి వచ్చింది. ఆ సిగ్గే ఇప్పుడు ఆమెకు కాళ్లిచ్చింది. ఇందులో తన గొప్ప ఏమీ లేదు.

బొరియ ముందు దోవ కనబడలేదు. అక్కడ ఒక మడుగు ఉంది. ఎర్రనీళ్లు సుడి తిరుగుతూ లోపలికి పోతున్నాయి.

"నూకాలూ!"

మడుగు అంచున వంగింది.

"పోలీ! పోతీ! బుల్లీ!"

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మడుగులో దూకింది. మెడ వరకూ వచ్చింది. ఊపిరి బిగబట్టి లోపలికి తల పెట్టింది. చీకటి, నీళ్లు. తల బయటికి తీసి, పాకుకుంటూ ఇంటి వెనక్కి పరుగెత్తింది.

తొట్టి లేదు.

మట్టిగట్టు ఒక పక్క పూర్తిగా కూలిపోయి ఉంది. నీళ్లన్నీ తోట వైపు పారిపోయి, దుంపలతీగల మీద చెరువు కట్టాయి. తొట్టి అడుగున ఆమె పూసిన జిగురుమట్టి మూత పగిలిపోయి ఉంది. వెనక దోవ మళ్లీ దోవ అయింది. చుట్టూ మట్టి మీద గోళ్ల గీతలు. పెద్దవి, మొద్దువి.

తోట మధ్య బురదలో ఒక రాయి కనిపించింది. రాయి మీద ముగ్గురు పిల్లలు వణుకుతూ కూర్చున్నారు. నూకాలు. పోలి. పోతి.

ఒకటి, రెండు, మూడు.

మళ్లీ లెక్కపెట్టింది. మూడు.

వరహాలమ్మ ముళ్లన్నీ వాలిపోయాయి. బుల్లి కోసం చేతులతో బురద తవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మగారూ" అంది రాయి. "నాలుగోది నా పెంకులో ఉంది. నేను తల తిప్పలేకపోతున్నా. మెడ నిండా ముళ్లే."

పెంకు అంచులోంచి బురద మూతి ఒకటి బయటికి వచ్చింది. "అమ్మా, నేను తొట్టి ముట్టలేదు. కూర్మయ్య మావే పగలగొట్టేశాడు" అంది బుల్లి.

"నేనే" అన్నాడు కూర్మయ్య. "ముందు వాకిలి మునిగిపోతోంది. పిల్లలు లోపల అరుస్తున్నారు. ముందు పల్లం వైపు గట్టు అడుగుదాకా తవ్వి నీళ్లు ఇటు వదిలేశా. తొట్టి ఖాళీ అయ్యాక మూత తవ్వి దోవ చేశా. మీరు ముట్టనివ్వకు అన్నారు. ముట్టాను. తిట్టుకోండి."

వరహాలమ్మ బురదలో కూలబడింది. శాలువా తీసి, దానితో అతని వీపు తుడవడం మొదలుపెట్టింది. టేకాకుకు బురద బాగా వదిలింది. పైనుంచి వాన పడుతూనే ఉంది, ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ కొలవకుండా. ఆమె తోమింది. మెడ కింద కూడా తోమింది, ముళ్లు ఒక్కొక్కటీ తీసి.

ఆ సమయానికి ఉడుము గురువులు కొలకర్రతో వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు, అయినా వచ్చాడు. ఉత్త గోతిలో కర్ర దించాడు.

"సున్నా" అన్నాడు. "ఎవరు పగలగొట్టారు?"

"నేనే రాసుకోండి" అంది వరహాలమ్మ.

"కన్వీనరే పగలగొడితే ఎలాగమ్మా? ఏ గడిలో రాయాలి?"

"గడి లేదు కదా సార్. వదిలేయండి."

ఆ వానకు అడవిలో సగం తొట్లు పగిలాయి. అచ్చియమ్మ సామాను ఊరంతా తేలింది. కుందేళ్లు గుట్ట ఎక్కి రెండు రోజులు కూర్చున్నారు. ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు. పగిలిన తొట్లలో నీళ్లన్నీ పల్లానికి పోయి చెరువు నిండింది. చెరువు నిండిన సందర్భంగా మండలి తనను తానే అభినందించుకుంటూ తీర్మానం చేసింది.

వరహాలమ్మకు మాత్రం సంజాయిషీ పత్రం వచ్చింది.

వెనక దోవను ఆమె మళ్లీ తెరిచే ఉంచింది. దుంపల తోటలో ఒక మూల వదులుకుని, పల్లం వైపు చిన్న తొట్టి తవ్వింది. పొంగితే నీళ్లు పాదుల్లోకి పోయేలా పక్కన ఒక కాలువ తీసింది. నాలుగు రోజులకొకసారి కూర్మయ్యకు స్నానం, రోజూ తీగలకు నీళ్లు. తొట్టి ఎప్పుడూ సగానికి మించి ఉండదు. జాబితాలో ఆమె పేరు అన్నిటికంటే కింద ఉంటుంది, ఎర్రగీతతో. పైనుంచి వెతికితే దొరకదని పిల్లలు కిందనుంచి చూస్తారు.

ఒక సాయంత్రం నాలుగు గంటలకు, రాలిన ముల్లు ఒకటి సిరాలో ముంచి, సంజాయిషీ పత్రం నింపడానికి కూర్చుంది. తొట్టి పగిలిన తేదీ రాసింది. కారణం దగ్గర "కన్వీనరు" అని రాసింది. ఆఖరి గడిలో ఇలా ఉంది: 'ఈ సంఘటన నుంచి నేర్చుకున్న నీతి, ఒక్క వాక్యంలో.'

ముల్లు మళ్లీ సిరాలో ముంచింది. తర్వాత రాసింది:

"తొట్టి నింపినవాళ్లకు సన్మానం, పగలగొట్టినవాళ్లకు స్నానం."

సంతకం పెట్టబోతుంటే చినుకు పడింది. ముల్లు పక్కన పెట్టేసి వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఇప్పుడు ఏ చినుక్కైనా అంతే.

నూకాలు దుంప పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఒకటి.

పోలి, పోతి ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. రెండు, మూడు.

కూర్మయ్య వాన కంటే నెమ్మదిగా, తోట దాటి వస్తున్నాడు. పెంకు అంచులోంచి ఒక చిన్న తోక వేలాడుతోంది. నాలుగు.

"మళ్లీ లెక్కపెడుతున్నారా అమ్మగారూ? అందరం ఇక్కడే కదా ఉన్నాం" అన్నాడు.

వరహాలమ్మ అతను గడప దాటే దాకా ఆగింది.

"ఐదు" అంది.